ఐస్‌గోలా రంగు ఆల్బమ్, నిద్రమత్తు గొంతు

తమ్ముడు: నమస్కారం. పోయిన వారం ఎపిసోడ్ రాలేదని కొంతమంది అడిగారు. కారణం మా అక్క.

అక్క: నేను కాదురా, టైమ్. నీకు పొద్దున్న ఏడున్నర అంటే నాకు రాత్రి పది. పిల్లాడు పడుకునేదే అప్పుడు.

తమ్ముడు: సరే సరే. కొత్తగా వింటున్నవాళ్లకి చెప్పాలి కదా, అక్క ఉండేది అమెరికాలో, నార్త్ కరోలినాలోని కేరీలో. నేను వైజాగ్‌లో. ఇవాళ 2024, 2025లలో వచ్చిన ఇండీ, ఫోక్ రాక్ ఆల్బమ్‌ల గురించి మాట్లాడుకుందాం. అంటే పెద్ద మ్యూజిక్ కంపెనీలకి బయట వచ్చే పాటలు, జానపదం కలిసిన రాక్. నేను గొడవతోనే మొదలెడతాను. అమెరికన్ గాయకుడు ఎం.జె. లెండర్‌మన్ ఆల్బమ్ 'మానింగ్ ఫైర్‌వర్క్స్' నాకు ఎక్కలేదక్కా.

అక్క: ఎన్నిసార్లు విన్నావ్?

తమ్ముడు: మూడుసార్లు. గాజువాకలో బస్సెక్కి మొదలెడితే ఆర్టీసీ కాంప్లెక్స్ వచ్చేలోపు అయిపోతుంది. చివరి పాట పది నిమిషాలు. అందులో పాట సగంలోపే ముగుస్తుంది, మిగతాదంతా గుయ్యిమని ఒకటే మోత. అది బస్సు ఇంజినో ఆల్బమో తెలియక ఇయర్‌ఫోన్ తీసి చూశాను.

అక్క: (నవ్వు) ఆ మోతే కదా బాగుండేది!

తమ్ముడు: ఆ గొంతేంటక్కా? పడుకున్నవాణ్ణి లేపి మైకు ముందు కూర్చోబెట్టినట్టుంది.

అక్క: ఆ పాటల్లో మనుషులే అలాంటివాళ్లురా. ఒకడు తన వాచీలో దిక్సూచి ఉంది, అదే ఫోను కూడా అని గొప్పలు పోతుంటాడు. మన పెళ్లిళ్లలో ఉండరూ? భోజనాలయ్యాక కుర్చీ లాక్కుని కూర్చుని, కారు రేటు చెప్పి, ప్లాటు రేటు చెప్పి, చివరికి అందరూ లేచి వెళ్లాక ఒక్కడే ఉండిపోయే బాబాయి. లెండర్‌మన్ వాణ్ణి వెక్కిరించడు, వెనకేసుకునీ రాడు. పక్క కుర్చీలో కూర్చుని వింటాడంతే. దానికి సాధన చేసిన గొంతు పెడితే మొత్తం చెడిపోతుంది.

తమ్ముడు: బాబాయి పోలిక బాగుంది. ఆల్బమ్ మాత్రం ఇంకా ఎక్కలేదు.

అక్క: ఎక్కకపోతే పోనీ. అందులో వాయిద్యాలు చాలావరకు అతనే వాయించుకున్నాడు, తెలుసా? టూర్ నుంచి ఇంటికొచ్చినప్పుడల్లా నాలుగేసి రోజులు కూర్చుని రికార్డు చేశాడు. స్టూడియో పేరు డ్రాప్ ఆఫ్ సన్, ఆష్‌విల్‌లో ఉంది. మా ఇంటి నుంచి కారులో నాలుగు గంటల దారి.

తమ్ముడు: నాకు అందులో ఒక్కటి నచ్చింది. వెనకాల తీగలా సాగే ఆ వాయిద్యం.

అక్క: పెడల్ స్టీల్! మామూలు గిటార్‌లా పట్టుకోరు. తీగలు పైకుండేలా బల్లలా పడుకోబెట్టి, ఎడమ చేతిలో ఉక్కు కడ్డీ పెట్టుకుని తీగల మీద జరుపుతారు. కాలితో పెడల్ తొక్కితే కొన్ని తీగల శ్రుతి పైకి లేస్తుంది. మోకాలితో జరిపే మీటలు కూడా ఉంటాయి. అందుకే స్వరం మెట్టు మెట్టుకీ ఆగకుండా జారుతూ వెళుతుంది.

తమ్ముడు: అంటే మెట్లు లేని వీణ, మన గోటువాద్యం లాగా.

అక్క: అచ్చంగా. మన గమకం అలవాటైన చెవికి ఆ జారుడు కొత్తగా అనిపించదు. నాన్న క్యాసెట్ గుర్తుందా? హవాయన్ గిటార్ మీద పాత హిందీ పాటలు?

తమ్ముడు: టేపు నలిగి మధ్యలో 'వావ్' అనేది, అదేనా? అది గిటారే అలా మోగుతుందనుకునేవాణ్ణి చాలా రోజులు.

అక్క: (నవ్వు) సరే, ఇప్పుడు నాకు ఇష్టమైనది. వాక్సహాచీ 'టైగర్స్ బ్లడ్'.

తమ్ముడు: ఆ పేరేంటి?

అక్క: ఏ పేరు? వాక్సహాచీ అనేది అలబామాలో ఒక వాగు. పాడేది కేటీ క్రచ్‌ఫీల్డ్, ఆవిడది ఆ వైపే.

తమ్ముడు: మన దగ్గర ఓ అమ్మాయి గోస్తనీ అని పేరు పెట్టుకుని రాక్ పాడినట్టు.

అక్క: ఎవరైనా పెట్టుకుంటే బాగుండు! ఇక టైగర్స్ బ్లడ్ అంటే పులీ లేదు, రక్తమూ లేదు. ఇక్కడి ఐస్‌గోలా ఫ్లేవర్. ఎర్రటి సిరప్, స్ట్రాబెర్రీ, పుచ్చకాయ, కొంచెం కొబ్బరి. తింటే నాలుక, పెదాలు, చొక్కా అన్నీ ఎర్రగా. మెక్సికో సరిహద్దు దగ్గర, టెక్సస్‌లో, పెకాన్ తోటల మధ్య ఉన్న సోనిక్ రాంచ్ స్టూడియోలో రికార్డు చేశారు. ఒక పాట ఉంది, బాంజో వాయిస్తూ మొదలవుతుంది. ఆవిడ పాడుతుంటే పక్కన సన్నగా ఒక మగ గొంతు కలుస్తుంది. ఎవరిదో చెప్పు?

తమ్ముడు: నిద్రమత్తు గొంతా!

అక్క: అదే. అక్కడ నచ్చింది కదా?

తమ్ముడు: ...పక్కన ఉన్నంతవరకు బాగున్నాడు.

అక్క: ఆ ఆల్బమ్ 2024 మార్చి 22న వచ్చింది. అదే రోజు ఏడ్రియన్ లెంకర్ 'బ్రైట్ ఫ్యూచర్' కూడా.

తమ్ముడు: దాని గురించి నేనూ చెప్పాలి. అడవి మధ్య స్టూడియోలో, కంప్యూటర్ లేకుండా టేపు మీద రికార్డు చేశారు. గది చప్పుడు కూడా వినిపిస్తుంది. మొదటి పాటలో అమ్మతో మాట్లాడుతున్నట్టు పాడుతుంది. నువ్వు ఏడవడం నేను మొదటిసారి చూసింది మన కుక్క చనిపోయినప్పుడే అంటుంది. అక్కడ ఆపేశానక్కా. బస్సులో వినే పాట కాదది.

అక్క: మన టామీ...

తమ్ముడు: వద్దు. తర్వాతది చెప్పు.

అక్క: సరే. లెండర్‌మన్ ఆల్బమ్ వచ్చింది 2024 సెప్టెంబర్ 6న. మూడు వారాలకి హెలీన్ తుఫాను. ఆష్‌విల్ మునిగిపోయింది. రివర్ ఆర్ట్స్ డిస్ట్రిక్ట్ అని నది ఒడ్డున పాత గోడౌన్లలో చిత్రకారులు పనిచేసుకునే చోటు, అదంతా బురద. కుళాయి నీళ్లు తాగొచ్చని చెప్పడానికి నవంబర్ మధ్య దాటింది. మేం ఇక్కడ నీళ్ల సీసాలు పోగుచేసి పంపాం.

తమ్ముడు: హుద్‌హుద్ అప్పుడు మనకి వారం రోజులు కరెంటు లేదు, అదే ఎక్కువనుకున్నాం.

అక్క: తుఫాను తర్వాత నెల తిరక్కుండా ఒక ఆల్బమ్ తెచ్చారు, 'కార్డినల్స్ ఎట్ ద విండో' అని. బాధితుల కోసం. 136 పాటలు! ఎవరి దగ్గర ఏ పాట బయటికి రాకుండా ఉంటే అది ఇచ్చేశారు. నేను కొన్నాను. మొత్తం వినలేదు, ఒప్పుకుంటాను.

తమ్ముడు: 136 ఎవరు వింటారు? ఇక లెండర్‌మన్ గిటార్ వాయించే బ్యాండ్ వెన్స్‌డే, వాళ్ల 'బ్లీడ్స్' 2025 సెప్టెంబర్‌లో వచ్చింది. అది నాకు బాగా నచ్చింది. ఒక పాటలో కార్లీ హార్ట్స్‌మన్ గొంతు చించుకుని అరుస్తుంది, ఇంకో పాటలో అదే మనిషి మెత్తగా పాడుతుంది, వెనక జాండీ చెల్మిస్ ల్యాప్ స్టీల్, ఒళ్లో పెట్టుకుని వాయించే స్టీల్ గిటార్.

అక్క: అందులో ఊళ్లో జరిగినవే ఉంటాయి, ఎవరో చెప్పుకున్న కథలు. మనకి అలాంటి ఆల్బమ్ ఏది?

తమ్ముడు: హైదరాబాద్ చౌరస్తా బ్యాండ్ ఉంది కదా. జానపదం, జమైకా రెగే కలిపి.

అక్క: ఉంది. కానీ అందులో పాడిన రామ్ మిర్యాల ఏమయ్యాడు? సినిమా పాటలు. తప్పనడం లేదు, ఇంటద్దె కట్టాలి. మనకి గొంతు బాగుంటే సినిమా పట్టుకుపోతుంది. సింగిల్ మిగులుతుంది, ఆల్బమ్ మిగలదు. గాజువాక బస్సు మీద తొమ్మిది పాటలు రాసేవాడు కావాలి నాకు.

తమ్ముడు: నన్ను చూడకు.

అక్క: నీ గొంతు కూడా నిద్రమత్తే.

తమ్ముడు: అన్నట్టు, నిన్న 'బ్లీడ్స్' నాన్నకి వినిపించాను. ఆ స్టీల్ గిటార్ వచ్చే పాట. కళ్లు మూసుకుని పూర్తిగా విన్నారు.

అక్క: నిజమా? ఏమన్నారు?

తమ్ముడు: "వాయించే కుర్రాడు బాగున్నాడ్రా. ఆ పిల్ల కాస్త ఆపితే ఇంకా బాగుంటుంది" అన్నారు.

అక్క: (నవ్వు) ఆపు, పిల్లాడు లేస్తాడు.

తమ్ముడు: ఇక్కడ కుక్కర్ మూడో విజిల్ కూడా వేసింది. వచ్చే వారం లెంకర్ వాళ్ల బ్యాండ్ బిగ్ థీఫ్. ఉంటాం.