కొర్ర సాళ్లలో కంది

శ్రోతలకు నమస్కారం.

ఉమ్మడి ప్రకాశం జిల్లా మెట్టలో, కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు, ఒకప్పుడు కొర్రలూ వరిగలే ఇంటి తిండి. కొర్రను మళ్లీ వేయాలనుకునేవారు ముందు చూసుకోవాల్సింది కార్తె. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదని పెద్దల మాట. జూన్ 22 ప్రాంతంలో ఆ కార్తె వస్తుంది. ఏరువాక పున్నానికి ఎడ్లను పూజించి విత్తనం వేసే గొర్రు పూనినా, పదును జానెడు లోతు దిగాకే విత్తాలి. పైతడికే విత్తితే మొలక మాడిపోతుంది.

కొర్ర సాళ్ల మధ్య కందిని కలిపి వేసేటప్పుడు ఎకరాకు 2 కిలోల కొర్ర, కిలో కంది చాలు. కొర్ర గింజ మరీ సన్నం, ఒట్టిగా పోస్తే కుప్పగా జారిపడుతుంది. ఒక వంతు విత్తనానికి 3 వంతులు పొడి ఇసుక కలపండి. అంగుళం కంటే లోతుకు పోతే మొలక పైకి రాలేదు.

ఆరు పళ్ల గొర్రయితే అయిదింట కొర్ర, ఒకదాంట్లో కంది. గొర్రు మీద గింజలు పోసే గిన్నె, అదే జడ్డిగంలో ఆ ఒక్క రంధ్రాన్ని గుడ్డతో మూసి, దాని పంటి వెనకే విడిగా గొట్టం కట్టి కంది వదలాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. గొట్టాన్ని చివరి పంటికి కడితే, గొర్రు తిరిగొచ్చేటప్పుడు రెండు కంది సాళ్లు పక్కపక్కనే పడతాయి. నడిమి రెండు పళ్లలో ఒకదానికి కట్టండి, సాళ్లు ఎడంగా వస్తాయి.

కలుపు నెలలోపే తీసేయాలి. కంకి గింజ పట్టకుండా పచ్చటి ఆకుల కుచ్చులా మారితే అది వెర్రికంకి తెగులు. అలాంటి మొక్కను పీకి కాల్చేయండి. విత్తనానికి నిండు కంకులను కోతకు ముందే, చేలోనే ఏరి పెట్టుకోవాలి. మన ఊళ్లలో ఆ చూపు ఎక్కువగా ఆడవాళ్లదే.

85 రోజులకు కొర్ర కోతకొస్తుంది. అంతదాకా ఒదిగి ఉన్న కంది వెలుతురు తగలగానే కొమ్మలేసి, సంక్రాంతి నాటికి కాయలు ఎండుతుంది.

కొర్ర మన ఇళ్లకు దూరం కావడానికి దంపుడు కష్టం కూడా ఒక కారణం. పొట్టుతో ఉన్న కొర్రలు ఏళ్ల తరబడి నిలుస్తాయి. బియ్యం చేస్తే మాత్రం తవుడులోని నూనె వల్ల నెలా రెండు నెలల్లో ముక్కవాసన వస్తుంది. అందుకే వెనకటివాళ్లు ఏ వారానికావారం దంచుకునేవారు. మరపట్టించినా అంతే, కొద్దికొద్దిగానే పట్టించండి. గింజలో తడి ఉంటే పొట్టు ఊడదు, మరీ పెళుసెక్కితే నూకవుతుంది. తెల్లగా పాలిష్ పట్టించొద్దు, తవుడంతా పోతుంది.

గ్లాసు కొర్రబియ్యాన్ని గంటసేపు నానబెట్టి, రెండున్నర గ్లాసుల నీళ్లతో వండండి. అదే చేలో పండిన కందులు వేయించి, ఎండుమిరపకాయలతో రోట్లో నూరిన పచ్చడి పక్కన పెట్టుకోండి.