సేవలపై పన్ను: చిన్న వ్యాపారులూ కొనుగోలుదారులూ అడిగే ప్రశ్నలు

(నల్లగొండలో చిన్న వ్యాపారులు, కొనుగోలుదారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

మిర్యాలగూడ, దేవరకొండ, నకిరేకల్ వైపుల నుంచి పని మానుకుని వచ్చిన టెంట్‌హౌస్ యజమానులకు, క్యాటరింగ్ చేసేవారికి, మొబైల్ రిపేరు దుకాణాలు, ఫొటో స్టూడియోలు నడుపుతున్నవారికి, చేతికొచ్చిన బిల్లు సరైనదో కాదో తెలుసుకోవాలని వచ్చిన గృహిణులకు, విద్యార్థులకు కృతజ్ఞతలు. మీరు రాసి ఇచ్చిన చీటీల్లో ఎక్కువ ప్రశ్నలు జీఎస్టీ (వస్తు సేవల పన్ను) రేటు గురించే ఉన్నాయి. అయితే చిన్న వ్యాపారికి వచ్చే చిక్కుల్లో చాలావాటికి మూలం, చట్టం దృష్టిలో తన స్థితి ఏమిటో తనకే స్పష్టంగా తెలియకపోవడం. రిజిస్ట్రేషన్ అవసరం లేనివారా, కాంపొజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకాల మీద ఒకే తక్కువ రేటుతో పన్ను కట్టే పథకం) ఉన్నవారా, మామూలు రిజిస్ట్రేషన్ ఉన్నవారా అన్నది తేలిన తరువాతే పన్ను వసూలు చేయవచ్చా, బిల్లు ఎలా ఇవ్వాలి, రిటర్నులు (అమ్మకాలు, పన్ను లెక్కలు చూపే పత్రాలు) ఎప్పుడు వేయాలి అన్న ప్రశ్నలకు జవాబు చెప్పగలం. కొనుగోలుదారు తెలుసుకోవలసింది కూడా ఎదుటి దుకాణదారు ఈ మూడింటిలో ఎక్కడున్నాడన్నదే.

ముందుగా ఒక పాత లెక్క సరిచేసుకుందాం. సర్వీస్ టాక్స్ 1994 జూలై 1న టెలిఫోన్, సాధారణ బీమా, షేర్ బ్రోకర్ల సేవల మీద 5 శాతంతో మొదలైంది. ఏటేటా కొత్త సేవలను చేరుస్తూ, రేటు పెంచుతూ, చివరికి రెండు సెస్సులతో (అదనపు పన్నులతో) కలిపి 15 శాతానికి చేరింది. 2017 జూలై 1న జీఎస్టీలో కలిసిపోయింది. కాబట్టి ఈనాడు ఇచ్చే బిల్లులో సర్వీస్ టాక్స్ పేరుతో ఎవరు డబ్బు అడిగినా చెల్లించనక్కరలేదు. ఆ రోజుల్లో చిన్నవారికి ఉన్న 10 లక్షల మినహాయింపు కూడా పోయింది. ఇప్పుడు సేవలు అందించేవారికి రిజిస్ట్రేషన్ పరిమితి ఆర్థిక సంవత్సరానికి 20 లక్షల రూపాయల టర్నోవర్ (మొత్తం వ్యాపార విలువ).

ఇక్కడ మన రాష్ట్రానికి ప్రత్యేకమైన విషయం ఒకటి ఉంది. సరుకులు మాత్రమే అమ్మేవారికి 40 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కరలేదని ఫోన్లలో వచ్చే వీడియోలు చూసి చాలామంది ధీమాగా ఉంటున్నారు. 2019 ఏప్రిల్ నుంచి అనేక రాష్ట్రాల్లో ఆ పరిమితి అమల్లో ఉన్న మాట నిజమే గానీ, తెలంగాణ అందులో చేరలేదు. మన దగ్గర సరుకులకైనా సేవలకైనా పరిమితి 20 లక్షలే. పక్క రాష్ట్రంలోని బంధువు అనుభవాన్ని నమ్ముకుని ఇక్కడ నిశ్చింతగా ఉండటం క్షేమం కాదు.

ఈ 20 లక్షలను ఎలా లెక్కించాలన్నది అన్నిటికంటే ఎక్కువమంది పొరపడే చోటు. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకరికి రెండు వరికోత మిషన్లు ఉన్నాయి, వాటి మీద ఏడాదికి 14 లక్షల కిరాయి వస్తుంది. అదే పేరు మీద టెంట్‌హౌస్ ఉంది, దాని మీద 8 లక్షలు వస్తాయి. వ్యవసాయ పనులకు యంత్రాలను కిరాయికి ఇవ్వడం మీద జీఎస్టీ లేదు గనుక, తనకు లెక్కలోకి వచ్చేది 8 లక్షలేనని ఆయన అనుకుంటారు. చట్టం అలా చూడదు. ఒకే పాన్ నంబరు కింద దేశంలో ఎక్కడ జరిగిన వ్యాపారమైనా, అది మినహాయింపు ఉన్నదైనా సరే, మొత్తం కలిపి చూస్తుంది. 14, 8 కలిపితే 22 లక్షలు. పరిమితి దాటిన నాటి నుంచి 30 రోజుల్లోగా రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయాలి. అయితే రిజిస్ట్రేషన్ తీసుకున్నాక కూడా వరికోత కిరాయి మీద పన్ను పడదు, టెంట్‌హౌస్ ఆదాయం మీదనే పడుతుంది. అదే మనిషికి టెంట్‌హౌస్ లేకుండా కోత మిషన్లు మాత్రమే ఉంటే, కిరాయి 30 లక్షలు వచ్చినా రిజిస్ట్రేషన్ అక్కరలేదు, ఎందుకంటే పూర్తిగా మినహాయింపు ఉన్న సేవలే చేసేవారికి ఆ బాధ్యత లేదు. మిర్యాలగూడ మిత్రులు అడిగిన వడ్ల మరపట్టడం మాత్రం ఈ మినహాయింపులోకి రాదు. ఇతరుల వడ్లను కూలికి మరపట్టి ఇవ్వడం మీద 5 శాతం పన్ను ఉందని 2017లోనే సర్క్యులర్ ద్వారా స్పష్టం చేశారు.

గుంటూరు కుటుంబానికి పెళ్లి వీడియో ఎడిటింగ్ చేసి ఇస్తే, రాష్ట్రం దాటింది గనుక వెంటనే రిజిస్ట్రేషన్ కావాలా అని ఒక స్టూడియో వారు అడిగారు. సేవల విషయంలో అక్కరలేదు. మొత్తం టర్నోవర్ 20 లక్షల లోపు ఉన్నంతవరకు ఇతర రాష్ట్రాల వారికి సేవ చేసినా ఈ మినహాయింపు వర్తిస్తుంది.

పరిమితి దాటినవారికి రెండు దారులు ఉన్నాయి. టర్నోవర్ 50 లక్షలకు మించని సేవల వ్యాపారులు కాంపొజిషన్‌లో 6 శాతం కట్టవచ్చు. సరుకుల వ్యాపారులైతే ఒకటిన్నర కోటి దాకా 1 శాతం, హోటళ్లు 5 శాతం కడతాయి. ఆ పన్ను వ్యాపారి జేబులో నుంచే పోవాలి. గిరాకీ దగ్గర వేరుగా వసూలు చేయకూడదు, తాను కొన్నవాటి మీద కట్టిన పన్నును తగ్గించుకోకూడదు, ఇతర రాష్ట్రాల వారికి సరఫరా చేయకూడదు. ఏడాదికి 30 లక్షల టర్నోవర్ ఉన్న టెంట్‌హౌస్ వారు 1,80,000 రూపాయలు కడతారు. గిరాకీ అంతా పెళ్లిళ్లు, గృహప్రవేశాల వాళ్లే అయితే ఈ దారి మేలని నేను చెబుతాను, ఎందుకంటే వారికి మీ బిల్లులోని పన్ను ఎలాగూ తిరిగి రాదు, ధర తక్కువగా ఉండటమే వారికి కావాలి. కంపెనీలకు, కాంట్రాక్టర్లకు పని చేసేవారు మాత్రం మామూలు రిజిస్ట్రేషన్ తీసుకుని 18 శాతంతో బిల్లు ఇవ్వడం మంచిది. ఆ పన్నును వారు ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాము కట్టవలసిన పన్నులో తగ్గింపుగా, వాడుకోగలరు గనుక మీ దగ్గరికే వస్తారు.

మామూలు రిజిస్ట్రేషన్ ఉన్నవారు దుకాణం కిరాయి గురించి తప్పక వినాలి. 2024 అక్టోబర్ 10 నుంచి, ఇంటి యజమానికి రిజిస్ట్రేషన్ లేకపోతే, వ్యాపారం కోసం తీసుకున్న దుకాణం లేదా హాలు కిరాయి మీద 18 శాతం పన్నును కిరాయికి ఉన్నవారే ప్రభుత్వానికి నేరుగా కట్టాలి. నెలకు 15,000 కిరాయి అయితే 2,700 రూపాయలు. దీనిని ఉన్న క్రెడిట్‌తో సరిపెట్టడానికి వీల్లేదు, నగదుగానే కట్టాలి. కట్టిన తరువాత క్రెడిట్‌గా తీసుకోవచ్చు. కాంపొజిషన్‌లో ఉన్నవారిని 2025 జనవరి 16 నుంచి దీని నుంచి మినహాయించారు. రిటర్నులు క్రమం తప్పకుండా వేసేవారికి కూడా ఈ ఒక్క పద్దు దగ్గర నోటీసు రావడం ఎంతో బాధ కలిగిస్తుంది. ఈ నెల రిటర్ను వేసే ముందే మీ లెక్కలు రాసేవారిని దీని గురించి అడగండి.

ఇప్పుడు కొనుగోలుదారుల వైపు వద్దాం. మొబైల్ స్క్రీన్ మార్పించుకుని 2,360 రూపాయలు ఇచ్చారనుకుందాం. మామూలు రిజిస్ట్రేషన్ ఉన్న దుకాణమైతే బిల్లులో 2,000 ధర, కేంద్ర జీఎస్టీ 9 శాతం 180, రాష్ట్ర జీఎస్టీ 9 శాతం 180 అని విడివిడిగా ఉంటుంది. పన్ను కలిపిన మొత్తం నుంచి పన్నును తెలుసుకోవాలంటే 118తో భాగించి 18తో హెచ్చించాలి, 360 వస్తుంది. నేరుగా 2,360లో 18 శాతం తీస్తే 424 రూపాయల 80 పైసలు వస్తుంది, అది తప్పు లెక్క. బిల్లు పైన 15 అక్షరాల, అంకెల జీఎస్టీ నంబరు ఉండాలి. తెలంగాణలో రిజిస్టరైన వ్యాపారిదైతే అది 36తో మొదలవుతుంది, ఆ తరువాతి పది వ్యాపారి పాన్ నంబరు. జీఎస్టీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే వ్యాపారి పేరు, రిజిస్ట్రేషన్ నడుస్తున్నదా రద్దయిందా, కాంపొజిషన్ అవునా కాదా అన్నవి కనిపిస్తాయి. నంబరు లేకుండా, లేదా కాంపొజిషన్‌లో ఉండి, బిల్లులో జీఎస్టీ అని వేరుగా వసూలు చేయడం చట్టవిరుద్ధం. అలా తీసుకున్న డబ్బును ప్రభుత్వానికి కట్టాలి, జరిమానా కూడా పడుతుంది. కాంపొజిషన్ వ్యాపారులు తమకు పన్ను వసూలు చేసే అర్హత లేదని బిల్లు మీద రాయాలి, కాంపొజిషన్ వ్యాపారులమని బోర్డు మీద కనిపించేలా పెట్టాలి.

ఎమ్మార్పీ ముద్రించిన వస్తువు మీద దానికి పైన జీఎస్టీ అడగకూడదు, ఎమ్మార్పీలో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి. హోటల్ బిల్లులో కనిపించే సర్వీస్ ఛార్జ్ ప్రభుత్వానికి చేరే పన్ను కాదు, హోటల్ తనకోసం అడిగేది. దానిని బిల్లులో తప్పనిసరిగా కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. తీసేయమని మర్యాదగా అడగండి, ఒప్పుకోకపోతే 1915కు ఫోన్ చేయండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సెలూన్లు, జిమ్‌ల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గింది, వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియం మీద పూర్తిగా పోయింది. పాత రేటు వేస్తున్నారేమో చూసుకోండి.

చివరిగా, బ్యాంకు లోను కోసమో, ఎవరో చెప్పారనో పరిమితి లోపలే ఉండి రిజిస్ట్రేషన్ తీసుకుని, తరువాత దాని సంగతి మరచిపోయినవారి గురించి చెప్పాలి. ఇలాంటివారి చీటీలు చదివినప్పుడు నాకు నిజంగా ఆవేదన కలిగింది. స్వచ్ఛందంగా తీసుకున్నా సరే, వ్యాపారం లేని నెలలోనూ నిల్ రిటర్ను వేయాలి. అది 14409కి ఎస్సెమ్మెస్ పంపి కూడా వేయవచ్చు. వేయకపోతే రోజుకు 20 రూపాయల ఆలస్య రుసుము పడుతుంది, ఒక్కో నిల్ రిటర్నుకు అది 500 దగ్గర ఆగుతుంది, కానీ నెలలు గడిచేకొద్దీ ఆ ఐదువందలే వేలవుతాయి. మీకు ఆ రిజిస్ట్రేషన్ అవసరం లేదనుకుంటే వదిలేయకండి. పెండింగ్ రిటర్నులు వేసి, వెబ్‌సైట్‌లోనే రద్దుకు దరఖాస్తు చేయండి, రద్దు ఉత్తర్వు వచ్చిన మూడు నెలల్లోగా తుది రిటర్ను కూడా వేయండి. ఇందుకు ప్రభుత్వ రుసుము ఏమీ లేదు. క్రెడిట్ తీసుకున్న సరుకు ఇంకా దుకాణంలో మిగిలి ఉంటే దాని మీద పన్ను కట్టవలసి వస్తుంది కాబట్టి, దరఖాస్తుకు ముందే స్టాకు లెక్క రాసి పెట్టుకోండి.