పరుల సొత్తు ఒడ్డినవాడిది తెగింపు కానే కాదు!

ప్రేక్షక మిత్రులకు నమస్కారం. తెగింపు అన్నది పొగడ్తా, తిట్టా అన్న వాదం ఎక్కడ చూసినా నడుస్తూనే ఉంది. తెగించనివాడు జీవితంలో పైకి రాలేడని ఒక పక్షం, తెగించడమంటే వెనకాముందూ చూడని మూర్ఖత్వమేనని మరో పక్షం గొంతు చించుకుంటున్నాయి. అసలు అడగవలసిన ప్రశ్నను ఇద్దరూ గాలికి వదిలేశారు. తెగించినవాడు ఒడ్డింది ఎవరి సొత్తు? తనదైతేనే అది తెగింపు. పరులదైతే దానికి ఆ పేరు పెట్టే హక్కు ఎవరికీ లేదు.

ఇది నేను కల్పించిన నీతి కాదు, మనం రోజూ మాట్లాడే తెలుగులోనే ఉన్న కట్టుబాటు. మంటల్లోకి దూకి పసిబిడ్డను బయటికి తెచ్చినవాడిని గురించి "ప్రాణాలకు తెగించి కాపాడాడు" అంటాం. ఎవరి ప్రాణాలకు అని ఎవరూ అడగరు, ఎందుకంటే "తన" అన్నది ఆ మాటలోనే ఇమిడి ఉంది. "పక్కవాడి ప్రాణాలకు తెగించాడు" అని ఒక్కసారి పైకి అని చూడండి, నోరు తిరగదు. పక్కవాడి ప్రాణం దగ్గరికి వచ్చేసరికి "చెలగాటమాడాడు" అంటాం, "పణంగా పెట్టాడు" అంటాం, కత్తి ఎత్తితే "దాడికి తెగబడ్డాడు" అంటాం. తెగించడం, తెగబడడం రెండూ ఒకే ధాతువు నుంచి పుట్టినా, నష్టం ఎవరి నెత్తిన పడుతుందో చూసి మన భాష వాటిని వేరు చేసింది.

ఈ మాట చావుబతుకులకే పరిమితం అనుకోకండి. జీతం పెంచమని అడగడానికి నెలల తరబడి జంకిన ఉద్యోగి, చివరికి ఏమైతే అదయిందని పై అధికారి గదిలోకి వెళ్లి, బయటికి వచ్చి "తెగించి అడిగేశాను" అంటాడు. కాదంటే పోయేది అతని మర్యాద, మహా అయితే అతని ఉద్యోగం. "మరి, వాడు ఎంతకైనా తెగిస్తాడు అంటాం కదా, అది తిట్టే కదా" అని మీరు అడగవచ్చు. తిట్టే, కాదనను. అయితే అక్కడ కూడా వాడు ముందుగా తెంచుకుంటున్నది తన పరువునే అని నా వాదన.

నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, "రిస్క్ తీసుకున్నాడు" అన్న మాట ఈ తేడాను పూర్తిగా చెరిపేసింది. ఎవరి రిస్క్? చెప్పరు! బ్రిటన్‌కు చెందిన బేరింగ్స్ బ్యాంకులో ట్రేడర్‌గా పనిచేసిన నిక్ లీసన్‌ను గుర్తు చేసుకోండి. సింగపూర్‌లో కూర్చుని, 88888 అనే ఖాతాలో నష్టాలను దాచిపెడుతూ, వాటిని పూడ్చుకోవడానికి ఇంకా పెద్ద పందేలు కాస్తూ పోయి, 1762లో పుట్టిన ఆ బ్యాంకును 1995లో నిలువునా కూల్చాడు. నష్టం 82.7 కోట్ల పౌండ్లు. ఆ బ్యాంకును చివరికి ఒక్క పౌండుకు అమ్మేశారు. ఇలాంటివాడిని "భారీ రిస్క్ తీసుకున్న ట్రేడర్" అంటే నేను ఒప్పుకోను. అతను ఒడ్డినదాంట్లో తన సొమ్ము ఎంత?

కొండలెక్కే అలెక్స్ హోనాల్డ్‌ను చూడండి. 2017 జూన్ 3న, అమెరికాలోని దాదాపు 900 మీటర్ల ఎల్ క్యాపిటన్ శిలను తాడు లేకుండా నాలుగు గంటల లోపే ఎక్కేశాడు. అంతకుముందు అదే దారిని తాడు కట్టుకుని మళ్లీ మళ్లీ సాధన చేశాడు. చేయి జారితే పోయేది తన ప్రాణం. వెనకాముందూ చూడకపోవడమే తెగింపు అనేవాళ్లకు ఇంతకన్నా జవాబు అక్కరలేదు. ఇది తెగింపు, నూటికి నూరుపాళ్లూ తెగింపు!

"ధైర్యే సాహసే లక్ష్మీ" అని సాహసాన్ని నెత్తిన పెట్టుకునేవారికి ఒక ముచ్చట. ధర్మశాస్త్రాలలో సాహసమంటే బలప్రయోగంతో చేసే నేరం. మనుస్మృతిలో జరిమానాలకు కూడా అదే పేరు: ప్రథమ సాహసం 250 పణాలు (ఆనాటి నాణేలు), మధ్యమం 500, ఉత్తమం 1000. ఎదుటివాడి మీద పడితే శిక్ష వేసిన మాటను మనం ఈ రోజు ఎవరికి పడితే వారికి బిరుదుగా ఇచ్చేస్తున్నాం.

భారతంలో ద్రౌపది నిండు సభను నిలదీసింది కూడా దీని గురించే. ధర్మరాజు ముందు తనను ఓడాడా, నన్ను ఓడాడా అని అడిగింది. భీష్ముడంతటివాడు సరైన జవాబు చెప్పలేక, ధర్మం సూక్ష్మమని తప్పించుకున్నాడు. తమ్ములనూ భార్యనూ ఒడ్డిన ఆ ఆటను తెగింపు అని మెచ్చుకున్నవారు నాకు ఇంతవరకు కనబడలేదు.

అందుకే వార్తలు రాసేవారిని, శీర్షికలు పెట్టేవారిని నేను ఒక్కటే అడుగుతున్నాను. డిపాజిటర్ల డబ్బుతో జూదమాడినవాడి గురించి, ప్రయాణికులతో నిండిన బస్సును గుడ్డి మలుపులో ఓవర్‌టేక్ చేయించినవాడి గురించి రాసేటప్పుడు "రిస్క్" అన్న మాటను పక్కన పెట్టండి. అటువంటివారి కోసం తెలుగులో మాట ఎప్పటినుంచో సిద్ధంగా ఉంది: "బరితెగించాడు" అని రాయండి.