ఫలితం ముందు ఎవరి చేతికి వెళ్లాలి?

అందరికీ నమస్కారం. యాజమాన్యాలవారు, కార్మిక సంఘాలవారు కలిసి కూర్చున్న సభ ఇది. కాబట్టి ఇరుపక్షాలకూ కాస్త రుచించని మాటే చెబుతాను. ఉద్యోగులకు మాదకద్రవ్యాల పరీక్ష చేయడానికి నేను వ్యతిరేకిని కాను. క్రేన్ నడిపే మనిషి మత్తులో ఉంటే కింద పనిచేసేవారి ప్రాణాలకు పూచీ ఎవరిది? నా పేచీ అంతా ఆ ఫలితం ముందు ఎవరి చేతికి వెళుతుందన్న దాని మీదే.

మొదట చేసే ఇమ్యునోఅస్సే (యాంటీబాడీలతో పదార్థాల జాడ పట్టే) పరీక్ష చవక, త్వరగా తేలుతుంది. కానీ పోలికలున్న అణువులన్నిటినీ ఒకే గాటన కట్టేస్తుంది. డిప్రెషన్‌కు వాడే బ్యుప్రోపియాన్, రక్తపోటుకు వాడే లాబెటలాల్ ఆ పరీక్షలో ఆంఫెటమిన్ అనే ఉత్ప్రేరక మాదకద్రవ్యంగా కనిపించవచ్చు. అందుకే అణువులను బరువును బట్టి విడివిడిగా గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీతో రెండో పరీక్ష చేసి నిర్ధారించుకోవాలి. మొదటి దానితోనే మనిషిని ఇంటికి పంపేస్తే అది తొందరపాటు కాదు, అన్యాయం.

అయితే రెండో పరీక్షతోనూ కథ ముగియదు. కోడీన్ ఉన్న దగ్గు మందు తాగితే, అందులో కొంత శరీరంలో మార్ఫీన్ అనే మత్తుమందుగా మారుతుంది. యంత్రం మార్ఫీన్ ఉందంటుంది, అది నిజమే! డాక్టరు రాసిచ్చిన చీటీ మాత్రం యంత్రానికి కనబడదు. అమెరికా రవాణా శాఖ నిబంధనల్లో దీనికి మంచి ఏర్పాటు ఉంది. ల్యాబ్ ఫలితం ముందుగా సమీక్ష వైద్యుడికి, అంటే ఫలితాలను పరిశీలించే వైద్యుడికి, వెళుతుంది. ఆయన ఉద్యోగితో మాట్లాడి, చీటీ అసలైనదో కాదో విచారిస్తారు. సరైనదే అయితే యాజమాన్యానికి ‘నెగటివ్’ అని తెలియజేస్తారు. ఆ మందు వల్ల పనిలో ప్రమాదముందని తోస్తే, చీటీ రాసిన డాక్టరు తనతో మాట్లాడేందుకు ఐదు పనిదినాల వరకు గడువిచ్చి, ఆ తర్వాతే విషయం యాజమాన్యానికి చెబుతారు.

చాలాచోట్ల జరిగేది వేరు. నమూనా ఇవ్వకముందే చేతికొక ఫారం వస్తుంది: ‘ప్రస్తుతం వాడుతున్న మందులన్నీ రాయండి.’ సూపర్‌వైజరు ఎదురుగానే ఉంటాడు. ఉద్యోగి పెన్ను పట్టుకుని ఆలోచనలో పడతాడు. మానసిక ఆరోగ్యానికి వేసుకునే మాత్ర పేరు రాస్తే రేపు ప్రమోషన్ గతి ఏమిటి? రాయకపోతే, రేపు పాజిటివ్ వచ్చాక ‘ఎందుకు దాచావు?’ అంటారు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఆ గడిని ఫారంలోంచి తీసేయండి. అడగవలసిన వైద్యుడు, అవసరమైనప్పుడు, విడిగా అడుగుతాడు.

ఇంకో ప్రమాదం ఉంది. పరీక్షకు భయపడి కొందరు మందే మానేస్తారు. ఆందోళనకు, నిద్రకు చాలాకాలంగా వాడుతున్న బెంజోడయాజిపైన్ మాత్రలను ఉన్నట్టుండి ఆపితే మూర్ఛ రావచ్చు. యంత్రాల మధ్య ఎవరు ఎక్కువ ప్రమాదకరమో, మందు వేసుకునేవాడో మానేసినవాడో, మీరే ఆలోచించండి. పైగా మూత్రపరీక్ష చెప్పేది ఆ పదార్థం ఒంట్లోకి వెళ్లిందని మాత్రమే. ఆ క్షణాన మనిషి మత్తులో ఉన్నాడో లేదో చెప్పదు.

సంఘాలవారికీ ఒక మాట. చీటీ ఉంటే చాలు, ఏ పనైనా చేయవచ్చని వాదించకండి. భార్య పేరున రాసిన నొప్పి మాత్రను భర్త వేసుకుంటే అది ఆయన చీటీ కాదు. మగత తెచ్చే మందు వాడినన్నాళ్లు వేరే పని అడగండి, జీతం తగ్గకుండా చూడండి.

చివరిగా, నమూనాను రెండు సీసాల్లో భద్రపరచాలి. ఫలితం తెలిసిన 72 గంటల్లోగా ఉద్యోగి కోరితే రెండో సీసాను మరో ల్యాబుకు పంపాలని ఆ అమెరికా రవాణా శాఖ నిబంధనే చెబుతోంది. ఖర్చు పెట్టుకునే స్తోమత ఉద్యోగికి లేదన్న కారణంతో ఆ పరీక్ష ఆపకూడదు. యాజమాన్యం జరిపించి తీరాలి, డబ్బు లెక్క తర్వాత తేల్చుకోవచ్చు. మీ ఒప్పందంలో ఈ వాక్యం ఉందో లేదో ఇప్పుడే చూడండి, ప్రశ్నలు అక్కడి నుంచే మొదలుపెడదాం.