డిప్రెషన్ ఉన్న మనిషికి నడక: ఎంత, ఎలా
(అనంతపురంలో ఆశా కార్యకర్తలకు, రోగుల ఇంటివాళ్లకు ఇచ్చిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

"పొద్దున్నే లేచి గంటసేపు నడువు, అన్నీ సర్దుకుంటాయి." డిప్రెషన్ ఉన్నవాళ్లకు మన ఇళ్లల్లో చెప్పే మాట ఇది. నడక మంచిదే. కానీ ఈ జబ్బు ముందు లాగేసుకునేది లేచే శక్తినే. మంచం దిగడమే కొండెక్కినట్టున్న మనిషి ఆ గంట నడకను మూడోనాటికి మానేస్తాడు. మానేశానని తనను తానే తిట్టుకుంటాడు. అందుకే మోతాదు గురించి మాట్లాడుకుందాం.

మేలు ఎంత? 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 218 అధ్యయనాలను కలిపి చూశారు. నడక, జాగింగ్, యోగా, బరువుల వ్యాయామం డిప్రెషన్ లక్షణాలను ఓ మోస్తరుగా తగ్గించాయి. అయితే వాటిలో గట్టి అధ్యయనాలు తక్కువ. మందుల పరీక్షల్లో పోల్చి చూడటానికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చినట్టు ఉత్తుత్తి వ్యాయామం ఇవ్వలేం కదా! అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో డిప్రెషన్ ఉన్న, 50 ఏళ్లు, ఆపైబడిన 156 మందితో జరిగిన ఇంకో అధ్యయనం 1999లో అచ్చయింది. కొందరికి సెర్ట్రలిన్ అనే డిప్రెషన్ మాత్ర, కొందరికి వారానికి మూడుసార్లు వ్యాయామం, కొందరికి రెండూ. 16 వారాలకు మూడు గుంపులూ దాదాపు సమానంగా కోలుకున్నాయి. మొదట్లో త్వరగా గుణం చూపింది మాత్రే. వ్యాయామం దగ్గరుండి చేయించారన్నది మరిచిపోవద్దు. నడుస్తున్నాం కదా అని మాత్రలు మీకు మీరే ఆపేయొద్దు.

మొదటి వారం రోజుకు ఐదు నిమిషాలు చాలు. రోజూ చేసే పని ఒకదానికి ముడిపెట్టండి: కాఫీ తాగాక వీధి చివరిదాకా పోయి రావడం. మనసు బాగున్నా బాగలేకున్నా గడియారం చూసి బయల్దేరాలి. ఉత్సాహం ముందొచ్చి కాళ్లు తర్వాత కదులుతాయనుకుంటే ఈ జబ్బులో ఆ రోజు రాదు. వారానికో ఐదు నిమిషాలు పెంచండి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదీ వేగం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే లెక్క వారానికి 150 నిమిషాలు. అంత చేరకపోయినా నష్టం లేదు. అందులో సగం నడిచేవాళ్లకు కూడా డిప్రెషన్ వచ్చే ముప్పు తక్కువగా కనిపించింది. వారానికి రెండుసార్లు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం కలపండి. రెండు మూడు రోజులు తప్పితే, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు సగం నుంచి చేయండి.

ఇక్కడ తప్పకుండా వచ్చే ప్రశ్న: "పొద్దంతా శెనక్కాయ చేన్లో వంగి పనిచేసేవాడికి ఇంకా నడకెందుకు?" న్యాయమైన ప్రశ్నే. తీరిక వేళ ఇష్టంగా చేసే కదలికకు కనబడిన మేలు కూలిపనికి అంతగా కనబడలేదు. నా లెక్కలో, అప్పుల ఆలోచనతో, విశ్రాంతి లేకుండా చేసే చాకిరీ ఒళ్లు అలిసేలా చేస్తుందే తప్ప మనసు తేలికచేయదు. వాళ్ల మీద 150 నిమిషాలు రుద్దకండి. సాయంత్రం తోటివాళ్లతో మాట్లాడుకుంటూ పదిహేను నిమిషాలు చాలు.

మన ఎండలు వేరే సంగతి. మార్చి నుంచి మే దాకా పొద్దున ఏడులోపు, లేదా పొద్దుగూకాక. లిథియం (మనసు ఒడిదుడుకులను అదుపులో ఉంచే మందు) వాడేవాళ్లు మరీ జాగ్రత్త: చెమటతో నీళ్లు, ఉప్పు పోతే రక్తంలో ఆ మందు పెరుగుతుంది. చేతులు బాగా వణకడం, విరేచనాలు, నడక తూలడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రి. అమిట్రిప్టిలిన్ లాంటి పాతరకం డిప్రెషన్ మందులు చెమటను తగ్గించొచ్చు, లేస్తే కళ్లు తిరగొచ్చు. మంచం అంచున ఒక నిమిషం కూర్చుని లేవాలి. గుండెజబ్బు, షుగర్ ఉంటే ముందు డాక్టరును అడగండి. మొన్నటిదాకా లేవలేని మనిషి నిద్రే అక్కర్లేకుండా గంటల తరబడి పరుగెడుతుంటే సంబరపడొద్దు, అది బైపోలార్ (మనసు కొన్నాళ్లు కుంగి, కొన్నాళ్లు అతిగా ఉప్పొంగే జబ్బు) కావచ్చు.

ఇంటివాళ్లు చెడగొట్టేది ఒక్కచోటే: కాపలా. "నడిచినావా లేదా?" అని నిలదీయడం కన్నా "పద, నేనూ వస్తా" అని చెప్పులేసుకోవడం మేలు. ఆడవాళ్లకు వీధిలో కుక్కలు, వెలుతురు లేకపోవడం ఇబ్బందైతే మిద్దె మీద నడవొచ్చు.

గుణం తెలియడానికి రెండు వారాలకోసారి పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ ఎంతుందో కొలిచే పట్టిక) ప్రశ్నలు అడగండి. తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు, తగ్గితే మంచిది. తొమ్మిదోది చావు ఆలోచనల గురించి. దానికి సున్నా తప్ప ఏం వచ్చినా నడక సంగతి పక్కనపెట్టి, ఆరోజే డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సాయం టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళైనా ఉచితం. మనిషిని ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో పురుగుమందులుంటే అప్పటికప్పుడు బయటికి తరలించండి.