రక్షణ పొందడానికి ఏం చేయాలి?

అందరికీ వందనాలు. యూత్ మీటింగ్ అని పిలిచి ముందు రెండు వరుసల్లో నా వయసు వాళ్ళను కూర్చోబెట్టారు. పర్లేదు, వాళ్ళకు కూడా ఈ ప్రశ్న ఇంకా తేలి ఉండదు.

నాకిచ్చిన అంశం, మనిషి రక్షణ, అంటే పాపం నుంచి విడుదల, ఎలా పొందుతాడు అని. మన సంఘాల్లో ఈ మాట ఎలా వాడుకుంటామో చూడండి. "మీ అబ్బాయి రక్షణ పొందాడా?" అని అడుగుతాం. "పోయిన ఈస్టర్‌కి తీసుకున్నాడండీ" అంటారు. అడిగింది రక్షణ గురించి, తీసుకున్నది బాప్తిస్మం, సంఘంలో చేర్చుకుంటూ నీళ్ళతో చేసే సంస్కారం. అడిగినవాళ్ళకూ చెప్పినవాళ్ళకూ తేడా కనబడదు. మాటల్లో మొదలైన ఈ గందరగోళం మనసులోకీ పాకుతుంది. నాకు పాకింది.

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఏటా వేసవిలో మూడు రాత్రులు ఉజ్జీవ కూటాలు జరిగేవి. చివరి రాత్రి అందర్నీ కళ్ళు మూసుకోమని, ప్రభువును అంగీకరించేవాళ్ళు చెయ్యెత్తండి అనేవారు. నేను ఎత్తేవాణ్ణి. మరుసటి ఏడు కూడా ఎత్తేవాణ్ణి. అలా నాలుగేళ్ళు. నాలుగో ఏడు కళ్ళు సరిగ్గా మూసుకోని మా పిన్ని చూసేసి, ఇంటికొచ్చాక "నీది పోయినేడే అయిపోయింది కదరా?" అంది. ఏం చెప్పను? మధ్యలో లెక్కల పరీక్షలో కాపీ కొట్టాను, మా అమ్మ కొంగు ముడిలో డబ్బులు తీశాను. అందుకని మొదటిసారిది రద్దయిపోయిందేమోనని టెన్షన్. లైసెన్సులా రక్షణను కూడా ఏటా రెన్యువల్ చేయించుకోవాలనుకున్నాను.

ఇప్పుడు బైబిల్లో అపొస్తలుల కార్యముల 16వ అధ్యాయంలోకి రండి. ఫిలిప్పీ పట్టణం, మాసిదోనియ. యేసు సువార్త చెబుతూ తిరిగే పౌలును, సీలను బెత్తాలతో కొట్టించి చెరసాలలో వేశారు. చెరసాల నాయకుడు వాళ్ళను లోపలి గదిలోకి తోసి, కాళ్ళకు బొండ, అంటే కాళ్ళు కదలకుండా పట్టే కొయ్య, వేసి బిగించాడు. వీపుల మీద దెబ్బలు అలాగే ఉన్నాయి. కడిగినవాళ్ళు లేరు. మధ్యరాత్రి వేళ వాళ్ళు ప్రార్థిస్తూ కీర్తనలు పాడుతుంటే మిగతా ఖైదీలు వింటున్నారు. నాయకుడు మాత్రం నిద్రపోతున్నాడు. అంతలో భూకంపం. తలుపులన్నీ తెరుచుకున్నాయి, సంకెళ్ళు ఊడిపోయాయి. లేచి చూసి కత్తి దూశాడు. ఖైదీలు పారిపోతే కావలివాడి ప్రాణం మీదికి వచ్చే కాలం అది. పేతురు చెరలోంచి తప్పించుకుంటే హేరోదు రాజు కావలివాళ్ళను చంపించిన సంగతి నాలుగు అధ్యాయాల ముందే ఉంది. అప్పుడు చీకట్లోంచి పౌలు కేక వేశాడు, ఏ హానీ చేసుకోవద్దు, మేమందరం ఇక్కడే ఉన్నాం అని.

దీపం తెమ్మని, వణుకుతూ లోపలికి పరుగెత్తి, వాళ్ళ కాళ్ళ మీద పడి అడిగాడు: "అయ్యలారా, రక్షణ పొందుటకు నేనేమి చేయవలెను?"

ఈ ఒక్క వాక్యంలో రెండు క్రియాపదాలున్నాయి. పొందడం, చేయడం. జీతగాడు కదా, అతనికి తెలిసింది చేయడమే. పని చేస్తే జీతం, తప్పు చేస్తే శిక్ష. ప్రాణం తిరిగి వచ్చిన మరుక్షణం కూడా "నేనేమి చేయవలెను" అనే అడిగాడు. పౌలు, సీల అతనికి పనుల లిస్టు ఇవ్వలేదు. "ప్రభువైన యేసునందు విశ్వాసముంచుము, అప్పుడు నీవును నీ యింటివారును రక్షణ పొందుదురు" అన్నారు. చేయడం గురించి అడిగితే పొందడం గురించి చెప్పారు.

విశ్వాసం కూడా ఒక పనే కదా, మార్కులు అక్కడా పడతాయి కదా అని మీలో ఎవరికైనా అనిపించవచ్చు. మన తెలుగులో నమ్మడం వేరు, నమ్ముకోవడం వేరు. రేపు వర్షం పడుతుందని రేడియో చెబితే నమ్ముతాం. మా నాన్న పొగాకును నమ్ముకున్నాడు. ఉన్న నాలుగెకరాలూ దానికే పెట్టాడు, రెండు పోగొట్టుకున్నాడు కూడా. దేవుడు ఒక్కడే అని దయ్యాలు కూడా నమ్మి వణుకుతాయని యాకోబు పత్రికలో ఉంది. అవి నమ్ముతాయి, నమ్ముకోవు. క్రైస్తవ బోధలో విశ్వాసం అంటే ఈ రెండోది. నా బరువు నేను మోయలేనని ఒప్పుకుని క్రీస్తు మీద వేయడం. మంచం మీద పడుకున్నవాడు మంచానికి చేసిన సాయం ఏముంది?

లూకా 15లో తప్పిపోయిన కుమారుడి కథ మీకు కంఠతా వచ్చు. కానీ ఒక చిన్న సంగతి చాలామంది దాటిపోతారు. తన వాటా ఆస్తి తగలేసి, పందుల దగ్గర కూర్చుని అతను నాన్నతో చెప్పాల్సిన మాటలు ముందే తయారు చేసుకున్నాడు. పాపం చేశాను, నీ కొడుకుననిపించుకోవడానికి తగను, నన్ను నీ కూలివాళ్ళలో ఒకడిగా పెట్టుకో. దారంతా అదే అనుకుంటూ వచ్చి ఉంటాడు. ఇంటికొచ్చాక మొదటి రెండూ చెప్పాడు. మూడోది ఆ అధ్యాయంలో మళ్ళీ ఎక్కడా లేదు. ఇంటికెళ్ళి చూసుకోండి, 19వ వచనంలో ఉంది, 21లో లేదు. కూలి మాట ఎత్తేలోపే తండ్రి వస్త్రం తెమ్మన్నాడు, వేలికి ఉంగరం పెట్టమన్నాడు. కూలివాడిగా చేరితే బాకీ తీర్చుకోవచ్చు, తలెత్తుకు తిరగొచ్చు. మన అహానికి అదే ఇష్టం. రోమా పత్రికలో పౌలు ఈ లెక్క సూటిగా చెప్పాడు, పని చేసేవాడికి ఇచ్చే జీతం బాకీయే గాని దానం కాదని. అదే పత్రికలో మరోచోట, పాపానికి జీతం ఉంది, మరణం, నిత్యజీవం మాత్రం దేవుని కృపావరం, అంటే ఊరికే ఇచ్చేది, అన్నాడు. జీతం అన్న మాట ఒకవైపే వాడాడు, రెండోవైపు వాడలేదు.

కూలి, వరం అన్న ఈ తేడాను పుస్తకాల్లో కాకుండా ఒంటి మీద తెలుసుకున్నవాళ్ళు మన జిల్లాలోనే ఉన్నారు. 1876లో మొదలైన కరువు, ధాత కరువు అని పెద్దవాళ్ళు చెప్పుకునేది. అప్పటికి పదేళ్ళుగా ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉన్నారు. ఆయనకు సర్వే పని తెలుసు. బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొన్ని మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు ఆ పని ఇచ్చారు. తట్ట, పార, రోజు కూలి. బోధకులే మేస్త్రీలు. పని ఆపి సేద తీరే వేళ సువార్త చెప్పేవారు. మాకు బాప్తిస్మం ఇవ్వండి అని వందల మంది అడగడం మొదలుపెట్టారు.

క్లౌ ఇవ్వలేదు. సంవత్సరానికి పైగా ఆపారు. అన్నం కోసం వస్తున్నారేమో అని ఆయన భయం. సంఖ్యలు పెంచుకోవాలనుకునే మిషనరీ అయితే ఇంతకంటే అదను దొరుకుతుందా? సహాయం ఇంక లేదు, డబ్బు అయిపోయింది, వెళ్ళిపొమ్మని చెప్పాక కూడా వాళ్ళు కదల్లేదు. మాకు డబ్బు వద్దు, మా చేతుల బొబ్బలు చూడండి, కష్టపడి బతకగలం, మళ్ళీ వానలు లేక చచ్చిపోయినా క్రైస్తవులుగానే చస్తాం అన్నారని ఆనాటి మిషన్ కథనాల సారాంశం. నాకు ఆ బొబ్బలు చాలా పెద్ద సంగతిగా కనిపిస్తాయి. కూలి ఇచ్చేవాళ్ళ దగ్గర కూలి తీసుకున్నారు. దీన్ని మాత్రం కూలిగా అడగలేదు.

1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆరుగురు బోధకులు, ఒకసారికి ఇద్దరు నీళ్ళలో ఉంటే, అలసిపోయాక మరో ఇద్దరు. మనం ఆ సంఖ్యనే చెప్పుకుంటాం, గోడల మీద కూడా రాస్తాం. నాకు మాత్రం అంతకుముందు ఆగిన ఏడాది గొప్పగా అనిపిస్తుంది. బాప్తిస్మం రక్షణకు ధర కాదని అందరికీ తెలిసేలా చేసింది ఆ ఏడాదే.

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన మాట కూడా చెప్పాలి. ఆ తొలి రోజుల్లో చేరేవాళ్ళకు మూడు నియమాలు ఉండేవి. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. చేరినవాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. చచ్చిన గొడ్డు మాంసం వాళ్ళు సరదాకి తినలేదు, ఆకలికి తిన్నారు, ఊరు వాళ్ళకు మిగిల్చింది అదే. ఆదివారం పని మానితే ఆసామి ఊరుకునేవాడా? మరి ఇవి రక్షణకు షరతులా? ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయంలో కృపచేతనే రక్షింపబడ్డారు, ఎవడూ అతిశయపడడానికి లేదు అన్న వచనం 8, 9. దాని పక్కనే 10వ వచనం, సత్‌క్రియలు చేయడానికే సృష్టింపబడ్డాం అని ఉంది. మనవాళ్ళు తొమ్మిది దగ్గర ఆగిపోతారు. వరుస తిప్పితే మాత్రం అంతా చెడిపోతుంది. ఆ నియమాలను రక్షణ దొరికినవాడి కొత్త నడకగా చెబితే సువార్త, రక్షణకు టికెట్‌గా చెబితే మళ్ళీ కూలిపనే. ఆ రోజుల్లో అన్నిచోట్లా మొదటి విధంగానే చెప్పారని నేననను. ఇప్పుడూ అన్నిచోట్లా అలా చెప్పడం లేదు. నగలు తీస్తేనే, ఫలానా సంఘంలో చేరితేనే అనేవాళ్ళు మీకందరికీ తెలుసు.

రక్షణలో మన క్రియల పాత్ర విషయంలో కతోలికులకూ ప్రొటెస్టెంట్లకూ, లూథరు నిరసన మొదలైన 1517 నుంచి జరిగిన గొడవ పెద్దది. 1999లో ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కతోలిక సంఘం కలిసి ఒక ప్రకటన మీద సంతకాలు చేశాయి. మన యోగ్యత వల్ల కాదు, కృప వల్లే, క్రీస్తు రక్షణ కార్యం మీది విశ్వాసంతో దేవుడు మనల్ని అంగీకరిస్తాడని ఇద్దరూ ఒప్పుకున్నారు. అన్ని తేడాలూ పోలేదు. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వాలా వద్దా అన్నది లూథరన్ల గుంటూరుకూ బాప్టిస్టుల ఒంగోలుకూ మధ్య కూడా అలాగే ఉంది, ఈ సాయంత్రం నేను తేల్చను.

ఇక తేదీ సంగతి. సాక్ష్యం, అంటే రక్షణ ఎలా దొరికిందో, చెప్పమంటే మన పిల్లలు ఫలానా నెల, ఫలానా తారీఖు, రాత్రి ఇన్ని గంటలకు అంటారు. కొందరికి నిజంగానే అలా జరుగుతుంది. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ 1738 మే 24 రాత్రి తొమ్మిదికి పావుగంట ముందు అని డైరీలో రాసుకున్నాడు. అప్పటికే ఆయన అభిషేకం పొందిన పాదిరి, అమెరికా దాకా వెళ్ళి బోధించి వచ్చినవాడు. కానీ ఫిలిప్పీలోనే, అదే అధ్యాయంలో, చెరసాల నాయకుడికి ముందు లూదియ ఉంది. ఊదారంగు వ్యాపారం చేసే మనిషి. నది ఒడ్డున కూర్చుని వింటుంటే ప్రభువు ఆమె హృదయం తెరిచాడు, అంతే. భూకంపం లేదు, కత్తి లేదు. రెండు సాక్ష్యాల్లో ఏది పెద్దదని ఆ పుస్తకం రాసిన లూకా రాయలేదు.

మా నాయనమ్మకు చదువు రాదు. సంఘానికి కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరుగారు ఒకరు ఇంటింటికీ తిరిగి రిజిస్టరు రాసుకుంటూ ఆవిడని అడిగారు, "అమ్మగారూ, మీరు రక్షణ పొందిన తేదీ?" అని. చింతపండు గింజలు తీస్తోంది. చెయ్యి ఆపకుండానే అంది: "పుట్టిన తారీఖే తెలీదు నాయనా నాకు. తెలీకపోతే పుట్టలేదా?" ఆయన ఆ గడి ఖాళీగా వదిలేశారు.

నేను నాలుగుసార్లు చెయ్యెత్తిన రోజుల్లోనే జరిగింది ఇది. అప్పుడు నవ్వాను. అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మళ్ళీ ఆ రాత్రికి వస్తాను, ఆ తర్వాత మీ ప్రశ్నలు. వాక్యం విన్నాక చెరసాల నాయకుడు మొదట చేసిన పనేమిటో తెలుసా? ఆ రాత్రి ఆ గడియలోనే వాళ్ళ గాయాలు కడిగాడు. బాప్తిస్మం దాని తర్వాత. ఆయన వాళ్ళ దెబ్బలు కడిగాడు, తన పాపాలు కడిగించుకున్నాడు అని పూర్వపు బోధకుడు క్రిసోస్తము చెప్పాడు. తర్వాత ఇంటికి తీసుకెళ్ళి భోజనం పెట్టాడు. ఏం చేయవలెను అని అడిగినవాడు, చేయమని ఎవరూ చెప్పని పనులు ఒకదాని తర్వాత ఒకటి చేసుకుపోయాడు. తెల్లారింది. అతను ఇంకా చెరసాల నాయకుడే, ఉద్యోగం మారలేదు. విడుదల చేయమని న్యాయాధిపతుల దగ్గర్నుంచి కబురొచ్చింది. ఆ కబురు ఖైదీలకు చెప్పడానికి వెళ్ళింది అతనే. రాత్రి బొండ బిగించిన మనిషి పొద్దున్నే వచ్చి, ఇక బయల్దేరండి, శాంతితో వెళ్ళండి అన్నాడు.

అడగండి. మైకు వెనక్కి కూడా పంపించండి, పిల్లలు అక్కడే ఉన్నారు.