ఈ చార్మినార్‌ని ఇయ్యాల ఊడదీస్తున్న

అందరికీ నమస్తే. వెనకాలోళ్లకు మైక్ వినపడుతుందా? సరే.

ముందుగాల ఈ టేబుల్ మీద ఉన్నది ఏందో చెప్పేస్త, ఎందుకంటే సగం మంది నన్ను చూస్తలేరు, దాన్నే చూస్తున్నరు. అది చార్మినార్. లెగో ముక్కలతోని, అంటే ఒకదాంట్ల ఒకటి ఇరికే ప్లాస్టిక్ ఇటుకలతోని కట్టిన, నాలుగు నెలలు పట్టింది, పొద్దున కూకట్‌పల్లి నుంచి కారుల ముందు సీట్ల పెట్టి సీట్ బెల్ట్ ఏసి తెచ్చిన, మా ఆవిడ వెనక సీట్ల కూర్చుంది. ఆమె ఇక్కడే ఉంది, అటు చూడకుండ్రి, కోపమొస్తది.

నన్ను పిలిచినప్పుడు "ఈ హాబీ గురించి కొత్తోళ్లకు నాలుగు మాటలు చెప్పండి సార్" అన్నరు. నాలుగు మాటలంటే నాకు రావు, ఒక్క మాట వస్తది. కొన్నరా, కట్టిన్రా, మంచిదే, ఇప్పుడు దాన్ని ఊడదీయండి. ఇది చెప్తే మనోళ్లు, అదే మన లెగో పిచ్చోళ్లు, నన్ను కొట్టనీకి వస్తరు, కాబట్టి జర ఎనక నుంచి మొదలుపెడత.

మా చిన్నప్పుడు ఎల్బీ నగర్ దిక్కు ఎవ్వరింట్ల లెగో లేదు. బిల్డింగ్ బ్లాక్స్ అని ఒక డబ్బా ఉండేది, నాయన బేగంబజార్‌ల కొనుక్కొచ్చిండు, ఒకటి పెడితే ఇంకోటి ఊడిపోయేది, కానీ నాకు అదే లోకం. తర్వాత టెన్త్, ఎంసెట్, ఇంజినీరింగ్, అమీర్‌పేట్‌ల కోర్సులు, ఉద్యోగం, పెండ్లి, హోమ్ లోను. ఈ గ్యాప్‌ని మనోళ్లు డార్క్ ఏజ్ అంటరు, చిన్నప్పుడు ఆడి మానేసిన రోజు నుంచి మల్ల చెయ్యి పెట్టిన రోజు దాంక. నా డార్క్ ఏజ్ ఇరవై రెండేండ్లు. ఎట్ల పోయిందంటే, మా బిడ్డ ఐదో బర్త్‌డేకి ఎవరో చిన్న లెగో సెట్టు గిఫ్ట్ ఇచ్చిన్రు, ఆమె పండుకున్నంక రాత్రి పదకొండుకు నేను విప్పి కట్టేసిన, పొద్దున లేచి ఏడ్చింది. ఇంకో సెట్టు కొనిచ్చిన. ఆ ఇంకోటి కూడా నేనే కట్టిన అనుకోండి, అది వేరే సంగతి.

దీని పుట్టుక గురించి కొంచెం చెప్తా, ఎందుకంటే మనకు దగ్గరి కథ అది. డెన్మార్క్‌ల బిల్లుండ్ అని చిన్న ఊరు, అక్కడ ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ అని ఒక వడ్రంగి. లోకమంత పైసలకు కరువొచ్చిన రోజులల్ల ఇండ్లు కట్టించేటోళ్లు లేక, 1932ల చెక్క బొమ్మలు చేసుడు మొదలుపెట్టిండు. మన కొండపల్లోళ్లు, నిర్మలోళ్లు పొణికి చెక్కతోని చేసినట్టే అనుకోండి. 1934ల లెగో అని పేరు పెట్టుకున్నడు, వాళ్ల భాషల "లెగ్ గాట్" అంటే బాగా ఆడు అని. ఆయన కార్ఖానాకు నిప్పు పట్టని కాలం లేదు పాపం, 1924ల పిల్లలు చెక్క పొట్టుకు నిప్పంటిస్తే ఇల్లు, షాపు కలిపి కాలిపోయింది, 1942ల ఫ్యాక్టరీ మల్ల కాలింది. 1960ల చెక్క బొమ్మల గోదాము కూడా కాలిపోయింది, అప్పటికి ఆయన లేడు, కొడుకు గాడ్‌ఫ్రెడ్ ఇంక చెక్క వద్దని చెప్పి పూర్తిగా ప్లాస్టిక్కే పట్టుకున్నడు.

ప్లాస్టిక్ ఇటుక 1949 నుంచే ఉన్నది, అది కూడా వాళ్ల సొంత ఐడియా కాదు, ఇంగ్లండ్‌ల హిల్లరీ పేజ్ అనే ఆయన కిడ్డీక్రాఫ్ట్ పేరుతోని చేసిన ఇటుకని చూసి చేసిన్రు. కానీ లోపల ఖాళీగ ఉండేది, మా బేగంబజార్ డబ్బా లెక్కనే, పట్టు ఉండేది కాదు. 1958 జనవరి 28న పేటెంట్ ఏసిన్రు, లోపల గొట్టాలు పెట్టిన్రు. ఎవరి దగ్గరన్నా బ్రిక్కు ఉంటే ఇప్పుడే తిప్పి చూడండి. పైన గుబ్బలు, అవే స్టడ్లు, కింద గొట్టాలు, స్టడ్డు పోయి గొట్టానికీ గోడకీ మధ్యల ఇరుక్కుంటది. గంతే. గమ్ము లేదు, స్క్రూ లేదు, ఇరికినదే బలం. దాన్నే మనోళ్లు క్లచ్ పవర్ అంటరు. ఇప్పుడు నా మాట వినండి, గట్టిగ పట్టుకోవాలె అనుకుంటే గమ్ము పెట్టేటోళ్లు కదా, ఎన్నిసార్లు పీకినా మల్ల పట్టుకోవాలె అనే గొట్టాలు పెట్టిన్రు. 1958 బ్రిక్కు తెచ్చి ఇయ్యాల కొన్న బ్రిక్కు మీద పెట్టినా కూసుంటది. మా ఇంట్ల మూడేండ్ల కింది ఫోన్ చార్జర్ ఇప్పటి ఫోన్‌కి పట్టదు.

ఇంకో లెక్క. ఎనిమిది స్టడ్ల బ్రిక్కులు, రెండు బై నాలుగువి, ఒకే రంగువి రెండు తీసుకుంటే 24 రకాలుగ కలపొచ్చు. మూడైతే 1,060. ఆరైతే? 91,51,03,765. తొంభై ఒక్క కోట్లు, ఆరు ముక్కలకు. మరి అయిదువేల ముక్కల సెట్టు కొని, పెట్టెల వచ్చే బుక్కుల ఉన్న ఒక్క పద్ధతిల కట్టి, అద్దాల అల్మార్ల పెట్టి తాళం ఏస్తిమి.

అట్లని బుక్కు చూసి కట్టుడు తప్పు అంటలేను. నేను నేర్చుకున్నది మొత్తం అట్లనే. స్టడ్డుకు స్టడ్డుకు మధ్య 8 మిల్లీమీటర్లు, బ్రిక్కు ఎత్తు 9.6, పల్చగుండే ప్లేట్ ఎత్తు 3.2, అంటే మూడు ప్లేట్లు ఒక బ్రిక్కు. ఇది అందరికీ తెలుసు. కానీ అయిదు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పెడితే 16 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గ రెండు స్టడ్ల వెడల్పు. ఇది తెల్సిన రోజు నేను ఆఫీసుకు లేటుగ పోయిన. ఎందుకంటే ఇప్పుడు ముక్కల్ని అడ్డంగ తిప్పి గోడకు పెట్టినా సందు లేకుంట కూసుంటయ్, దాన్ని స్నాట్ అంటరు, స్టడ్లు పైకి లేకుండ కట్టుడు. చార్మినార్ గోడల మీద ఆ చిన్న చిన్న కమాన్ల వరస ఉంది చూడండి, అవి మొత్తం అడ్డం తిప్పి పెట్టినవే. ఇది నేను ఒక కేఫ్ సెట్టుని ఊడదీస్తుంటే పట్టుకున్న, కడుతున్నప్పుడు కాదు. కట్టేటప్పుడు బుక్కు చెప్పింది చేసుకుంట పోతం, పీకేటప్పుడే "అరె ఇది ఇట్ల నిలబడ్డదా" అని అర్థమైతది.

ఇప్పుడు అసలు లొల్లికి వద్దాం. డబ్బులు. మన దగ్గర ఇది అగ్గువ హాబీ కాదు, మీకు నేను చెప్పేదేముంది. బొమ్మల మీద కస్టమ్స్ డ్యూటీ 20 శాతం ఉండేది, 2020ల 60 చేసిన్రు, 2023ల 70. 2021 జనవరి నుంచి ఐఎస్ఐ మార్కు కూడా ఉండాలె. పిల్లలకు నాసిరకం ప్లాస్టిక్ రాకుండ అని పెట్టిన్రు, నేను దానికి వ్యతిరేకం కాదు, ఇక్కడ బొమ్మలు చేసేటోళ్లకు కూడా అన్నం పుట్టాలె. కానీ ఫలితం ఏందంటే ఒక్కో పెట్టె కొనేటప్పుడు మనకు చెయ్యి వణుకుతది, కొన్నంక దాన్ని బంగారం లెక్క చూస్తం. బంగారాన్ని ఎవరన్నా విప్పుతరా? లాకర్ల పెడతరు.

మా బామ్మర్ది ఇదే చేస్తడు. వాని బెడ్రూంల మంచం కింద పదిహేడు పెట్టెలు, సీల్ తియ్యలే. "బావా, కంపెనీ ఆ సెట్టు బంద్ చేసినంక రేటు డబల్ అయితది, షాద్‌నగర్ ప్లాట్ కన్న నయం" అంటడు. వానికి నేను తాజ్‌మహల్ కథ చెప్పిన. 2008ల లెగో తాజ్‌మహల్ సెట్టు వచ్చింది, 5,922 ముక్కలు, అప్పటికి అంత పెద్ద సెట్టు ఇంకోటి లేదు. తర్వాత బంద్ చేసిన్రు. సీల్ పెట్టె రేటు ఎక్కడికో పోయింది, దాచుకున్నోళ్లు కాలు మీద కాలు ఏసుకుని కూసున్నరు. 2017ల కంపెనీ ఏం చేసిందో తెల్సా, అదే తాజ్‌మహల్‌ని కొత్త నంబర్‌తోని మల్ల దించింది. పాత పెట్టెల రేటు ఢామ్మని పడిపోయింది. కొత్త దాంట్ల 5,923 ముక్కలు. ఆ ఒక్క ఎక్స్‌ట్రా ముక్క ఏంది? బ్రిక్ సెపరేటర్. ముక్కల్ని పీకే పనిముట్టు! నేను దీన్ని దేవుడే పంపిన సందేశం అంటా, మా బామ్మర్ది మాత్రం ఇంకా పదిహేడు పెట్టెల మీదనే పండుకుంటున్నడు.

(నవ్వకుండ్రి, ఇంట్ల పెట్టెలు దాచినోళ్లు ఇక్కడ ఎంత మంది ఉన్నరో నాకు తెల్సు.)

నేను కూడా మొదట్ల ఊడదీయనీకి భయపడ్డోన్నే. నా మొదటి పెద్ద సెట్టు రెండేండ్లు టీవీ పక్కన పెట్టిన, పక్కన కొత్త అపార్ట్‌మెంట్ కడుతున్నరు, ఆ సిమెంట్ దుమ్ము మొత్తం దాని మీదనే, నేను మా ఆవిడ మేకప్ బ్రష్‌తోని ఆదివారం ఆదివారం తుడిచేది. కిటికీల ఎండకి తెల్ల ముక్కలు ఒక దిక్కు పచ్చబడ్డయ్, టీ మరక లెక్క. ఒక దసరాకి అమ్మ సిద్దిపేట నుంచి వచ్చింది. సద్దుల బతుకమ్మ రోజు పొద్దటి నుంచి కూసోని తంగేడు, గునుగు, బంతి, ఒక్కో వరస ఒక్కో వరస పేరుస్తుంది, గునుగు పూలకు ముందు రోజే రంగులు అద్ది ఆరబెట్టింది. నేను అటు పక్కన బ్రష్ పట్టుకుని తుడుస్తున్న. అమ్మ నన్ను చూసి అన్నది, "ఏందిరా, నేను పొద్దటి నుంచి నడుములు పోంగ పేర్చి పొద్దుమీకి చెరువుల ఇడుస్త, నువ్వు గా ప్లాస్టిక్ ముక్కలకు గంత పావురం పడుతున్నవ్?"

నేనేం జవాబు చెప్పలే. ఆ రాత్రి వాళ్లు చెరువు నుంచి వచ్చేసరికి సెట్టు మొత్తం స్టీలు బేసిన్ల ఉంది. గోరువెచ్చటి నీళ్లల్ల సబ్బు ఏసి కడిగిన, నీళ్లు మరీ కాగొద్దు, 40 డిగ్రీలు దాటొద్దని కంపెనీనే చెప్తది. తువ్వాల మీద ఫ్యాన్ కింద ఆరబెట్టిన. అమ్మ చూసి "వడియాలా?" అన్నది.

ఊడదీసినంక వచ్చే కష్టం సార్టింగ్. కొత్తోళ్లందరు చేసే తప్పు, రంగుల వారీగ వేరు చేస్తరు. చూడనీకి మంచిగుంటది, ఫోటోకి బాగుంటది, పనికి రాదు. నల్ల ముక్కల డబ్బాల చిన్న నల్ల క్లిప్ ఎతకాలంటే కండ్లు పోతయ్. ఆకారం వారీగ పెట్టండి, ప్లేట్లు ఒక దగ్గర, స్లోపులు, అంటే ఏటవాలు ముక్కలు, ఒక దగ్గర, అందుల ఎర్రది కావాలంటే కన్ను తానే పట్టుకుంటది. నేను రాణిగంజ్ పోయి హార్డ్‌వేర్ షాపోళ్లు నట్లు బోల్టులు పెట్టుకునే చిన్న డ్రాయర్ల డబ్బాలు తెచ్చిన. షాపాయన "ఏం ఐటమ్ సార్ మీది?" అన్నడు. "సివిల్ వర్క్" అన్న. అబద్ధం కాదు కదా.

ఇప్పుడు ఈ చార్మినార్. ఇది మూడోది. మొదటిది కంప్యూటర్ల, లెగో డిజైన్ చేసే స్టూడియో అనే సాఫ్ట్‌వేర్‌ల కట్టిన, మస్తు కుదిరింది, నిజంగ కట్టేసరికి మినార్లు బయటికి ఒరిగినయ్, స్క్రీన్ల బరువు ఉండదు కదా. రెండోది మినార్లు నిలబడ్డయ్ గాని కమాన్లు బండగ వచ్చినయ్, మా బిడ్డ చూసి "డాడీ, టోల్ గేటా?" అన్నది. ఇంక ఆ రోజే పీకేసిన. మూడోసారి, ఒక ఆదివారం పొద్దున ఆరింటికి అక్కడికే పోయిన, జనం రాకముందు, లాడ్‌బజార్ దిక్కు నిలబడి గంట సేపు ఒక్క కమానే చూసిన. అది గుండ్రం కాదు, పైన మొన తేలి ఉంటది, మనకు చిన్నప్పటి నుంచి తెల్సినట్టే ఉంటది గాని చూడలే. రెండు దిక్కుల నుంచి వంపు స్లోపులు తెచ్చి మొన దగ్గర కలిపిన, ఆ మొన వెనకాల అడ్డం తిప్పిన ప్లేట్లు పట్టుకుని ఉన్నయ్. మినార్ల లోపల నిలువుగ పొడుగు రాడ్లు, లెగోలనే టెక్నిక్ అనే రకంవి, దిగేసిన, అందుకే కూకట్‌పల్లి స్పీడ్ బ్రేకర్లను తట్టుకున్నది. మధ్యల గుండ్రటి ముక్క, అది గడియారం, 1889ల పెట్టిన్రు అది, అసలు కట్టడం 1591ది, చూసినోళ్లు రెండూ ఒక్కసారే కట్టిన్రు అనుకుంటరు.

రంగు ట్యాన్, అంటే లేత గోధుమ రంగు. ముక్కలు అమ్మే బ్రిక్‌లింక్ వెబ్‌సైట్‌ల ట్యాన్ అంటరు, కంపెనీ పేరు బ్రిక్ ఎల్లో. ఒకటే రంగు, రెండు పేర్లు, నేను మొదట్ల బ్రిక్ ఎల్లో అని లిస్ట్ రాసుకుని పసుపుపచ్చవి ఆర్డర్ పెట్టిన. ఆ పసుపు ముక్కలు లోపల పునాదిల దాచిన, ఊడదీసినప్పుడు కనపడతయ్.

అవును, ఊడదీస్తున్నం. పైన చెప్పి ఊకుంటే ఎట్ల. వచ్చే నెల కాచిగూడ స్టేషన్ మొదలుపెట్టాలె, దాని కమాన్లకు ఈ వంపు స్లోపులు కావాలె, కొత్తవి కొనే పైసల్ లేవు, మా ఆవిడ ఇక్కడే ఉంది అని చెప్పిన కదా. బ్రిక్ సెపరేటర్లు ఆరు తెచ్చిన, స్టీలు బేసిన్లు నాలుగు. దయచేసి పండ్లతోని పీకకుండ్రి, ముక్కకి గాట్లు పడతయ్, పండ్ల సంగతి మీ ఇష్టం. పిల్లలు ముందుకు రండి, పెద్దోళ్లు తోసుకోకుండ్రి. మినార్ పైనున్న బంగారు మొగ్గ ముందు తీయాలె, అది తీస్తేనే కిందిది వస్తది. ఎవరు మొదలుపెడతరు?